చెరువు ఫోను

అల్లరి చేసే పిల్లలతో ఇలియాస్ మాస్టారికి ఎప్పుడూ పేచీ లేదు. ఆయన ప్రాణం తీసేది నోరు విప్పని పిల్లలు. ప్రశ్న అడిగితే చాలు, డిగ్రీ రెండో సంవత్సరం ఎకనామిక్స్ క్లాసు మొత్తం తలలు దించుకుని, బల్లల మీద పాత బ్యాచీలవాళ్ళు చెక్కిపోయిన పేర్లు చదువుకునేది. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని అందరూ ఒకే గొంతుతో పలికేవారు. ఏమర్థమైందో చెప్పమంటే మళ్ళీ తలలు బల్లల మీదికి. ఇందులో పిల్లల తప్పేం ఉంది లెండి! ఊహ తెలిసినప్పటినుంచీ నోర్ముయ్యమని పెంచి, మీసాలొచ్చాక ఒక్కసారిగా నోరు తెరవమంటే ఎక్కణ్ణుంచి తెరుస్తారు?

ఇలియాస్ బందరులోనే పుట్టాడు. తండ్రి ఖుద్దూస్ చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకు మెరుగు పెట్టేవాడు. ఆ ఇంట్లో ఎమ్మే దాకా చదివిన మొదటివాడు ఇలియాసే. చదువు పూర్తికాగానే గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరి, పొద్దున్నే రైలెక్కి వెళ్ళి పాఠం చెప్పి, సాయంత్రం రైలెక్కి వచ్చేవాడు. పిల్లలు చేరక ఆ కాలేజీ మూతపడింది. ఆ తరవాత బందరులో యూనివర్సిటీవారి కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పని దొరికింది. గెస్టు అంటే అతిథి. అతిథిని మనం నెత్తిన పెట్టుకుంటామంటారు గానీ, ఈ అతిథికి మాత్రం ఏటేటా మళ్ళీ పిలుపు రావాలి. పిలుపు రాని ఏడాది ఇంట్లో కూర్చోవాలి. నలభై దాటినవాడికి కొత్తగా ఇంకెవడు ఉద్యోగమిస్తాడు? అందుకని ప్రతి ఏడూ ఆర్డరు వచ్చేదాకా ఆయన గుండె గుప్పిట్లోనే ఉండేది.

ఆయనకి ఇంకే పనీ రాదు. రాదనడం కన్నా, ఇంకే పనిలోనూ ప్రాణం నిలవదు అనడం నిజం. భార్య జోహ్రా ఇంట్లో కూర్చుని నగలకు రాళ్ళు అతికేది. "ఈ ఏడు పిలవకపోతే నా పక్కన కూర్చుని రాళ్ళు అతుకుదురు గాని" అని నవ్వేది. ఆ నవ్వు వింటే ఆయనకి ఏడుపొచ్చేది.

అలాంటి మనిషికి ఆ ఏడాది ఒక ఆన్‌లైన్ శిక్షణలో దారి కనపడింది. క్లాసులో తెర మీద ప్రశ్న వేసి, కింద నాలుగు జవాబులు పెట్టి, పిల్లల్ని వాళ్ళ ఫోన్లలోనే నొక్కమనాలి. ఎవరేం నొక్కారో పక్కవాడికి తెలియదు. ఏ జవాబుకి ఎంతమందో మాత్రం తెరమీద రంగు గీతలై పైకి లేస్తుంది. క్లాసులో ఫోన్ కనపడితే లాక్కునే కాలేజీలో, ఇలియాస్ వెళ్ళి "రేపు ఫోన్లు తీసుకురండి" అన్నప్పుడు పిల్లలు ఆయనకి మతిపోయిందనుకున్నారు.

మొదటి ప్రశ్న పుస్తకంలోది కాదు. "రొయ్యకి వైరస్ వచ్చిందని పుకారు పుట్టింది. భయపడి అందరూ ఒకేసారి చెరువులు పట్టి, రొయ్యంతా అమ్మకానికి తెచ్చేశారు. కొనేవాడు ధర పెంచుతాడా, తగ్గిస్తాడా, అలాగే ఉంచుతాడా, చెప్పలేమా?" పిల్లలు నొక్కారు. గీతలు లేచాయి. సగం మంది ఒకటి, సగం మంది ఇంకొకటి. అంతే, వెనక బల్లమీద నుంచి ఎవడో "ఎవడ్రా పెంచుతాడన్నది? మీ చెరువు పట్టావా ఎప్పుడైనా?" అని అరిచాడు. ముందు బల్లవాడు లేచి తగులుకున్నాడు. క్లాసు క్లాసంతా సంత అయిపోయింది. ఇలియాస్ చాక్‌పీసు పట్టుకుని గోడకానుకుని నిలబడి ఆ గోల వింటూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళలో ఆయన చెవులకు అంతకన్నా తియ్యని గోల తగల్లేదు.

ఆ క్లాసులో హేమ అనే పిల్ల ఉంది. దివిసీమలో నాగాయలంక దాటి, సముద్రం వైపు ఉన్న పల్లె. మొదటి బస్సెక్కితే గానీ మొదటి గంటకు అందదు. చేరినప్పటినుంచీ ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో ఇలియాస్‌కి తెలియదు. ఆ పిల్లకి ఫోనూ లేదు. పక్కన కూర్చునే గాయత్రి ఫోనులోనే ఇద్దరూ కలిసి నొక్కేవారు. మాస్టారికి మాత్రమే కనపడే జాబితాలో ఆ ఇద్దరి పేర్లూ కలిపి 'గాయత్రి-హేమ' అని పడేది. ఒకరోజు క్లాసంతా తప్పు నొక్కిన ప్రశ్నకి ఆ ఒక్క ఫోనులోంచి సరైన జవాబు వచ్చింది. "ఎందుకని నొక్కావమ్మా?" అంటే గాయత్రి హేమని చూపించింది. హేమ లేచింది. రెండు నిమిషాలు నేలచూపులు చూసింది. తరవాత మొదలుపెట్టి, వాళ్ళ ఊళ్ళో మేత ధర పెరిగినప్పుడు ఎవరు చెరువు ఆపేశారో, ఎవరు ఆపలేకపోయారో, ఎందుకు ఆపలేకపోయారో చెప్పింది. క్లాసు కిక్కురుమనకుండా విన్నది.

ఆ సాయంత్రం ఇలియాస్ ఇంటికెళ్ళి, చెప్పులైనా విప్పకుండా జోహ్రాకి ఆ సంగతంతా చెప్పాడు. మర్నాడు హేమతో "నువ్వు ఎమ్మే చదవాలి. లెక్చరరవ్వాలి. నేను దగ్గరుండి చూసుకుంటాను" అన్నాడు. ఆ రోజునుంచి ఆ పిల్ల మూల బల్ల వదిలి, గాయత్రితో ముందు బల్లకొచ్చి కూర్చుంది.

ఇంతలో పిడుగులాంటి కబురు. పిల్లలు తగ్గిపోయారు కాబట్టి గెస్టుల్లో కొందరిని తీసేస్తారట. ఎవరిని ఉంచాలో తేల్చడానికి ఒక కమిటీ వచ్చి క్లాసులు చూస్తుందట. డిపార్టుమెంటు హెడ్డు పాండురంగారావు గారు చెడ్డవాడు కాదు. తన కుర్చీకి ముప్పు రానంతవరకు అందరికీ మంచివాడే. ఇలియాస్‌ని పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు.

"మీ ఫోన్ల ప్రయోగం గురించి పైన చెప్పానండీ. వాళ్ళకి నచ్చింది. అదే చూస్తామన్నారు. కానీ ఒక్కటే మాట. క్లాసులో ఎంతమందుంటే అన్ని జవాబులూ పడాలి. ఇద్దరికి ఒక ఫోను, ముగ్గురికి ఒక ఫోను అంటే సగం మంది నిద్రపోతున్నట్టు కనపడుద్ది తెరమీద. అది మాత్రం నేను సమర్థించలేను."

ఇలియాస్ క్లాసుకొచ్చి దాచకుండా చెప్పేశాడు. "నా ఉద్యోగం ఆ రోజు మీ చేతుల్లో ఉంటుందర్రా. ఎలా తెస్తారో నాకు తెలీదు. ఆ ఒక్కరోజు ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక ఫోనుండాలి." మాస్టారన్నవాడు పిల్లల్ని అలా అడగకూడదు. మునిగేవాడికి మర్యాదలు గుర్తుండవు.

పిల్లలు పండగలా తీసుకున్నారు. రిహార్సలు రోజున ఆ క్లాసు చూసి తీరాలి! ఒకడు కండక్టరు బాబాయి ఫోను తెచ్చాడు. ఒకమ్మాయి వాళ్ళ నానమ్మది అడిగి తెచ్చింది. ఇంకొకడిది అద్దం పగిలి రబ్బరు బ్యాండు వేసిన ఫోను. ప్రశ్న పడింది. పిల్లలు నొక్కబోతున్నారు. అప్పుడు మొదలయ్యాయి కాల్స్. ఒక ఫోనులోంచి దేవుడి పాట. ఇంకొక ఫోనులోంచి, ఏది నొక్కబోయి ఏది నొక్కారో గానీ, "ఒరేయ్, మేత లారీ ఎక్కడిదాకా వచ్చిందిరా?" అని క్లాసంతటికీ వినపడేలా ఒక పెద్దమనిషి కేక. నానమ్మగారి ఫోనుకి పెళ్ళి సంబంధాల పంతులు. కాల్ రాగానే తెర మూసుకుపోయి నొక్కింది నొక్కినట్టే పోయేది. గుమ్మంలో నిలబడి చూస్తున్న పాండురంగారావు గారి మొహం మాడిపోయింది.

"ఇలియాస్ గారూ, కమిటీ ముందు ఇదే భాగోతమైతే నేనేం చెయ్యలేనండీ. ఫోన్లన్నీ నోరు మూసుకోవాలి."

ఫోన్లని ఫ్లైట్ మోడులో పెట్టి, కాలేజీ వైఫై ఒక్కటి ఆన్ చేసుకుంటే కాల్స్ రావు, జవాబులు మాత్రం వెళ్తాయి. ఆ కిటుకు పిల్లలే చెప్పారు. మళ్ళీ చేసి చూశారు. నీళ్ళలా నడిచింది. ఇలియాస్‌కి ఆ పూట అన్నం సయించింది.

కమిటీ వచ్చే రోజు బందరు మీద ముసురు పట్టి ఉంది. వాయుగుండం కోస్తా దాటి పోయినా ఎండ పొడ లేదు. పిల్లలు తడిసిన గొడుగులు వరండాలో ఆరేసి లోపలికొచ్చారు. కమిటీవారి కారు గేటు దగ్గరికొచ్చిందని అటెండరు చెప్పగానే ఇలియాస్ "అందరూ ఫ్లైట్ మోడులో పెట్టండి" అన్నాడు. అప్పుడు హేమ మాస్టారి బల్ల దగ్గరికొచ్చింది. ఆమె చేతిలో అరిగిపోయిన అంచుల పెద్ద ఫోను.

"సార్, ఇది ఆపకూడదండి. ఇది మా చెరువు ఫోను."

"చెరువు ఫోనేంటమ్మా?"

"మా చిన్న చెరువు కాడ స్టార్టరు పెట్టెలో సిమ్ముండిద్దండి. కరెంటు పోయి నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగిపోతే ఆ పెట్టె ఈ ఫోనుకి కాల్ చేసిద్ది. నాన్న పెద్ద చెరువు దగ్గరుండాడు, అక్కణ్ణుంచి ఇది కనపడదు. ఇది మోగితే నేను సత్తిబాబు మావయ్యకి ఫోన్ చెయ్యాలి. ఆయన చెరువు పక్కనేగా, పరిగెత్తి జనరేటరు ఏసేస్తాడు. ఆ మాటమీదే ఈ ఒక్కరోజుకి ఇచ్చాడండి నాన్న."

"ఈ ఒక్కరోజుకి పెట్టెలో సత్తిబాబు నంబరు పెట్టుకోవచ్చుగా?"

"అది మార్చాలంటే అవనిగడ్డనుంచి మెకానిక్ రావాలి సార్. మబ్బుగా ఉందండి. ఇట్టాంటప్పుడు గాలాడకపోతే నీళ్ళలో ఆక్సిజన్ ఎంతోసేపు నిలవదు. రొయ్య పట్టుబడి దగ్గరకొచ్చిన చెరువు."

ఇలియాస్‌కి అర్థం కాలేదని అనడానికి లేదు. బందరులో పుట్టినవాడికి, రొయ్యల చెరువుల మధ్యనుంచి రైల్లో తిరిగినవాడికి, ఏరియేటరు ఆగితే ఏమవుతుందో ఒకరు చెప్పాలా? ఆ ఫోను ఒక్కటి ఆన్‌లో ఉంచుకోమనవచ్చు. నువ్వు నొక్కకమ్మా, బయట కూర్చో అనవచ్చు. ఒక జవాబు తగ్గేది. కానీ ఆయనకి ఆ క్షణంలో పాండురంగారావు గారి మాడిన మొహం కనపడింది. సరిగ్గా కమిటీ ముందు ఆ ఫోను మోగడం వినపడింది.

"పావుగంటేనమ్మా. వాళ్ళు గేటు దగ్గరికొచ్చేశారు. పావుగంటలో ఏమవుతుంది చెప్పు?"

హేమ ఫోను వైపు చూసింది. మాస్టారి వైపు చూసింది. "సరే సార్" అని వెళ్ళి కూర్చుని ఆపేసింది.

కమిటీవారు గేటు దగ్గరికైతే వచ్చారు. క్లాసుకి రావాలిగా! ప్రిన్సిపాలుగారి గదిలో పెసరట్లు, ఉప్మా, కాఫీ. పూలగుత్తులు. ఆ తరవాత లైబ్రరీ. ఇటు ఇలియాస్ గుమ్మంలో నిలబడి వరండా చివరికంటా చూస్తూ చెమటలు కక్కుతున్నాడు. పోనీ ఈలోగా ఫోన్లు ఆన్ చేసుకోండర్రా అందామంటే, ఏ క్షణంలో వచ్చిపడతారో అని భయం. పావుగంట ఎప్పుడో పోయింది. ఆ సంగతి ఆయనకి గుర్తులేదు. నిజానికి ఆయనకి తన పేరు కూడా గుర్తులేదు.

చివరికి వచ్చారు. పెద్దాయన పేరు ఉమాశంకర్, మంచి హుషారు మనిషి. ప్రశ్న పడింది. క్లాసులో ఎన్ని తలలున్నాయో అన్ని జవాబులు తెరమీద గీతలై లేచాయి. ఉమాశంకర్ గారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. "ఇంకోటి, ఇంకోటి అడగండి" అన్నారు. ఇంకోటి అడిగాడు. "నేనొకటి అడుగుతా" అని ఆయనే ఒక ప్రశ్న వేశారు. అప్పుడు హేమ సగం లేచింది. ఇలియాస్ చూశాడు. కూర్చోమన్నట్టు చెయ్యి కిందకి ఆడించాడు. కూర్చుంది. ఉమాశంకర్ గారు ఉపన్యాసం ఎత్తుకున్నారు. హేమ మళ్ళీ లేచింది. ఈసారి ఇలియాస్ తెరవైపు తిరిగిపోయాడు. ఆ తిరిగిపోవడమే ఆయన జీవితాంతం మోయాల్సిన బరువైంది.

ఫోటోలు తీసుకుంటున్నారు. ఇలియాస్ మెడలో శాలువా పడింది. ఆ శాలువా మీదుగా చూస్తే హేమ బల్లలు తోసుకుంటూ బయటికి పరిగెత్తడం కనపడింది. ఏదో పిల్ల, బస్సుకి వేళైందేమో అనుకున్నాడు. మనసు అబద్ధం చెప్పదలుచుకుంటే ఎంత చప్పున చెబుతుందో!

అందరూ వెళ్ళాక గాయత్రి వచ్చి చెప్పింది. ఫోన్ ఆన్ చెయ్యగానే ఆ పెట్టె నంబరునుంచి మిస్డ్ కాల్ మెసేజీలు వరసగా పడ్డాయట. ఆ ఒక్క చెరువుకే ఫ్యూజు కొట్టేసింది. చుట్టుపక్కల చెరువులన్నిట్లో ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. హేమ సత్తిబాబుకి ఫోన్ చేస్తే, ఆయన గట్టెక్కి చూశాడట. తరవాత "రొయ్యంతా తేలిపోయిందమ్మా" అన్నాడట.

ఇలియాస్ శాలువా తీసి కుర్చీ మీద వేసి అక్కడే కూలబడ్డాడు. చేసిందంతా తన రెండు చేతులూ చేసినపని. పోనీలే అనుకోవడానికి ఏ మూలా సందు దొరకలేదు.

ఆర్డరు వచ్చింది. అందరికన్నా ముందు ఆయనకే వచ్చింది. జోహ్రా సేమ్యా వండింది. ఆయనకి ముద్ద దిగలేదు. ఏమైందండీ అని గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పేశాడు. జోహ్రా చేతిలో గిన్నె అలాగే పట్టుకుని విన్నది.

హేమ ఆ రోజునుంచి కాలేజీకి రాలేదు. ముందు బల్లలో గాయత్రి ఒక్కతే కూర్చునేది. ఇలియాస్ పాఠం చెబుతూ చెబుతూ ఆ ఖాళీ చూసి మాట మరిచిపోయేవాడు. ఫోన్ చేద్దామంటే ఆ చెరువు ఫోనుకే చెయ్యాలి. ఎత్తి హేమ తండ్రి ఏడుకొండలు గారు హలో అంటే ఏమని చెప్పాలి? నంబరు తీయడం, మళ్ళీ ఫోను జేబులో పెట్టుకోవడం.

ఒకరోజు గాయత్రి వచ్చింది. "సార్, హేమ మీ పేరెత్తలేదంట ఇంట్లో. తనే మర్చిపోయి ఆపేసుకున్నానని చెప్పిందంట. వాళ్ళ నాన్న కొట్టాడంట సార్. ఇప్పటికీ మాట్లాడట్లేదంట."

ఆ మాట విన్నాక ఇలియాస్‌కి ఇక నిలవడం చేతకాలేదు. ఆదివారం బయలుదేరతానన్నాడు. జోహ్రా రాళ్ళు అతకడం ఆపి ఆయన వైపు తిరిగింది.

"వెళ్ళడం మంచిదేనండీ. కానీ నోరు విప్పేముందు ఆ పిల్లనడగండి. మీ పేరు ఎందుకు చెప్పలేదో, దాని లెక్క దానికుంటుంది."

"లెక్కేముంటుంది జోహ్రా, దాని మంచితనం. నా తప్పు అది మోస్తుంటే నేనెలా బతికేది?"

"మీ బరువు దించుకోవడానికేనా వెళ్ళేది?" అంది జోహ్రా. ఆయన వినిపించుకోలేదు.

చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక. బస్సులు మారి, ఆటో దిగి, గట్టు మీద నడిచి వెళ్ళాడు. ఆ చిన్న చెరువు ఎవరూ చూపించక్కర్లేకపోయింది. చుట్టూ చెరువుల్లో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతుంటే, అదొక్కటే ఎండి, అడుగున సున్నం చల్లి ఉంది. గట్టుమీద పాక. పాక ముందు హేమ రొయ్యల మేత ట్రేలు కడుగుతోంది. మాస్టారిని చూసి గబగబా ఎదురొచ్చింది. బాగా చిక్కిపోయింది. కళ్ళల్లో మాత్రం భయం, ఆత్రం.

"సార్, ఒక్క మాట. ఇటు పక్కకి రండి సార్, ముందు నేను చెప్పేది..."

"తరవాతమ్మా. నేను ముందు మీ నాన్నతో మాట్లాడాలి. నువ్వేం భయపడకు" అని ఇలియాస్ పాక వైపు నడిచాడు. దారంతా కూడదీసుకున్న ధైర్యం, ఆగితే ఎక్కడ జారిపోతుందో అని ఆయన భయం.

ఏడుకొండలు చేతులు తుడుచుకుంటూ లేచి దండం పెట్టాడు. మంచం వాల్చాడు. హేమ తల్లి ముత్యాలమ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చింది. ఇంటికొచ్చిన మాస్టారంటే ఆ ఇద్దరికీ ఎంత గౌరవమో చూస్తే ఇలియాస్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు.

"పిల్ల రాటంలేదని ఇంతదూరం వచ్చారా సార్! పిల్ల కోసం ఇంటికొచ్చిన సారుని మిమ్మల్నే చూశాను. రేపు సోమారం నించి పంపిస్తన్నాను లెండి. ఎట్టాగో కిందా మీదా పడి పెద్ద చెరువు మీద నెట్టుకొస్తాం."

"పంపిస్తున్నారా?" ఇలియాస్ తల ఎత్తాడు.

"పంపకేం చేస్తాం సార్. కోపంలో చెయ్యి చేసుకున్నాను. ఇంట్లో దాంతో మాట్లాడింది లేదు. అయినా పిల్ల తప్పు చేస్తే పిల్లని దండిస్తాం గానీ, చదువునెందుకు దండిస్తామండి? చదువేం చేసింది?"

వెనక హేమ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. వద్దు వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఆయన చూశాడు. ఆ పిల్ల తన మాస్టారి పరువు కాపాడ్డానికి తాపత్రయపడుతోందనుకున్నాడు. ఆయన గుండె కరిగిపోయింది.

"తప్పు హేమది కాదండీ. నాది. ఫోన్ ఆపమన్నది నేను."

ఏడుకొండలు అర్థం కానట్టు చూశాడు.

"అది చెరువు ఫోనని మీకు చెప్పిందా సార్?"

"చెప్పింది."

"మోగకపోతే ఏమయ్యిద్దో చెప్పిందా?"

"అంతా చెప్పింది. అయినా నేనే ఆపమన్నాను. మధ్యలో లేవబోతే కూర్చోమన్నాను. ఆరోజు నా ఉద్యోగం పోతుందని... నన్ను క్షమించండి. మీరు నన్నేమన్నా పడతాను. పిల్లని ఏమీ అనకండి."

ఏడుకొండలు ఎండిపోయిన చెరువు వైపు చూస్తూ కూర్చున్నాడు. లేచి కొడతాడేమో, తిడతాడేమో అని ఇలియాస్ ఎదురుచూశాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఏడుకొండలు లేవలేదు. కూతురు వైపు తిరిగి, "అనవసరంగా కొట్టానమ్మా నిన్ను" అన్నాడు. ముత్యాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్ళిపోయింది.

ఇలియాస్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వచ్చిన పని అయిందనుకున్నాడు.

"సోమారం వద్దులేమ్మా" అన్నాడు ఏడుకొండలు అదే గొంతుతో. "ఇంక కాలేజీ వద్దు."

"అదేంటండీ! నామీద కోపం పిల్ల చదువు మీద..."

"కోపం కాదు సార్. భయమేసింది. అది మరిచిపోయిందనుకున్నాను. మరుపు ఎవురికైనా వచ్చిద్ది, ఒకసారి దెబ్బ తింటే మళ్ళీ మరవదు. కానీ అది మరవలా. చెరువు పోయిద్దని తెలిసీ, నేను అన్ని జాగర్తలు చెప్పి పంపినా, మీరన్నారని ఆపేసింది. చదువుకున్నోళ్ళు మీరు, తెలిసీ ఆపమన్నారు. రేపు ఇంకో సారు ఇంకోటి చెయ్యమంటాడు. అదీ చేసిద్ది. అట్టాంటి చోటికి ఆడపిల్లని ఏ ధైర్నంతో పంపమంటారు?"

ఇలియాస్ బతిమాలాడు. ఉద్యోగం మానేస్తానన్నాడు. వేరే కాలేజీలో చేర్పిస్తానన్నాడు. చేతులు పట్టుకున్నాడు. ఏడుకొండలు ఆ చేతుల్ని నెమ్మదిగా విడిపించుకుని, "ఎండెక్కుతోంది, బయలెల్లండి సార్, మళ్ళీ బస్సు దొరకదు" అన్నాడు. ఒక్క కటువు మాట లేదు. గొడవపడే మనిషికైతే నచ్చజెప్పొచ్చు. ఏడుకొండలు గొడవపడలేదు.

హేమ గట్టు చివరిదాకా వెంట వచ్చింది. ఆయన ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"మీ మీద కోపమొస్తే నాన్న కాలేజీ మానిపిస్తాడని నాకు తెలుసు సార్. అందుకే నేనే మరిచిపోయానని చెప్పాను. తిట్లు తిన్నాను, దెబ్బలు తిన్నాను. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవురూ మాట్లాడకపోయినా కాలేజీ ఉంటే చాల్లే అనుకున్నాను. నిన్నే ఒప్పుకున్నాడు సార్."

ఆమె ఏడవలేదు. పాఠంలో జవాబు చెబుతున్నట్టే, ఏది ఎందుకు జరిగిందో వరసగా చెప్పింది.

"నేను మళ్ళీ వస్తానమ్మా. కొన్నాళ్ళాగి వచ్చి మాట్లాడతాను. మీ నాన్న వింటాడు."

"రావద్దు సార్. మిమ్మల్ని చూస్తే ఇంకా గట్టిపడతాడు" అంది హేమ. అని, తడి చేతులు లంగాకి తుడుచుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. ఇలియాస్ ఆ గట్టుమీద నిలబడి ఆమెని పిలవడానికి నోరు తెరిచాడు గానీ, పిలిచి ఏం చెప్పాలో ఆయనకి తెలియలేదు.